సిలువ పోయే వీధి

గుడ్ ఫ్రైడే పొద్దున, ఆళ్లగడ్డ దగ్గరి పల్లెలో సిలువ ఊరేగింపు బయలుదేరబోతోంది. చర్చి గేటుకు ఆనించిన చెక్క సిలువ పక్కనే, ఊరి బయటి దళితవాడ నుంచి వచ్చిన ఒకామె సంఘపెద్దను నిలేసింది.

"సిలువ ఈసారి మా వీధికి రాదంట. నిజమేనా అప్పా?"

"కోప్పడాకమ్మా. పెద్దిండ్లోళ్లు కొత్తగా సంఘంలో చేరినారు. వాళ్లు మీ వీధిలోకి అడుగు పెట్టరు."

"మీ వీధా? నువ్వు పుట్టింది యాడప్పా?"

ఆయన చూపు సిలువ మీదికి తిప్పుకున్నాడు.

"ఈ సిలువ చెక్కింది నా మొగుడు. చెక్కేటప్పుడు లేని అంటు ఇప్పుడొచ్చిందా?"

"అట్ల కాదు తల్లీ..."

"మాయమ్మకు లేసే శక్తి లేదు. ఏటా సిలువ మా వాకిట్లో ఆగుతాది కదా, పొద్దున్నుంచి మంచం బయట ఏపించుకోని ఎదురుచూస్తాండాది. ఆమెకేం చెప్పాల?"

"సాయంత్రం నేనే వచ్చి ప్రార్థన చేస్తాలే. మీది ఊరి బయటుండాది, ఎండలో అంత దూరం ఎవరు నడుస్తారు?"

"ఊరి బయటా?" ఆమె గొంతు లేచింది. "యేసయ్యను యాడ సంపినారప్పా? ఊరి నడుమనా? ఊరి బయటికి ఈడ్చుకపోయి కదా సిలువేసింది! ఆయన సచ్చింది మేడల ముందర కాదు, మాయట్లాంటోళ్లుండే తావులోనే."

ఆమె వంగి సిలువను భుజానికెత్తుకుంది.

"యాడికి తీసకపోతాండావ్?"

"మాయమ్మ కాడికి. మీరు ఊర్లో ఉత్త చేతుల్తో తిరుక్కోండి."