కాలేయంలో వెలిగిన ఆకుపచ్చ

పరిశోధక విద్యార్థిని మైక్రోస్కోపు దగ్గర నుంచి కదలకుండానే తన గైడ్‌ను పిలిచింది.

"మేడమ్, ఈ యాంటీబాడీ మెదడు కణాల్లో మాత్రమే ఉండే ప్రొటీన్‌కే కదా అంటుకోవాలి?"

"అవును. ఆ ప్రొటీన్ ఉన్నచోటే ఆకుపచ్చగా వెలుగుతుంది. ఇదిగో, చక్కగా వెలిగిందిగా?"

"ఇది మెదడు కాదండీ, కాలేయం."

"స్లైడ్లు తారుమారు చేసుంటావు."

"మూడుసార్లు చేశాను. మూడుసార్లూ వెలిగింది."

"యాంటీబాడీ సీసా పాడైందేమో."

"కొత్త సీసాతోనూ ఇంతే. మరి మూడేళ్లుగా మెదడులో మనం చూసింది ఏంటి మేడమ్?"

మేడమ్ కళ్లద్దాలు తీసి, తుడిచి, మళ్లీ లెన్సులోకి చూశారు.

"నా పేపర్లన్నీ దీంతోనే రాశానమ్మా."

"సోమవారం థీసిస్ ఇవ్వాలి. ఏం చెయ్యను?"

"సోమవారం వద్దు. ముందు ఈ కాలేయం ఫొటో అందులో పెట్టు."

"కింద ఏమని రాయను?"

"తెలియదు."

మేడమ్ నోట ఆ మాట విద్యార్థిని ఎన్నడూ వినలేదు.

"తెలియదనే రాయనా?"

"రాయి. దాని కింద నా పేరు కూడా వెయ్యి."