నాంచారమ్మ పాలకేంద్రం ఎక్కిన సంగతి

నాంచారమ్మ అని ఒకామె. చిన్నప్పుడే పోలియో వచ్చి రెండు కాళ్ళూ పడిపోయినయ్యి. అయితే ఏం, చేతులు ఉక్కు. నేలమీద కూచునే గేదె పాలు పిండుద్ది, మూడు చక్రాల బండి చేత్తో తిప్పుకుంటా పాలకేంద్రం దాకా పోద్ది. పోయి ఏం లాభం? కేంద్రానికి నడుమెత్తు అరుగు, దానికి మెట్లు. కిందే ఆగిపోయి, ఎదురింటి సాంబ్రాజ్యం చేతికి క్యాను ఇచ్చేదంట. అది పైకి తీసుకుపోయి పోసేది. ఏమైందంటే, కొన్నాళ్ళకి నాంచారమ్మ పాలల్లో నీళ్ళు తేలటం మొదలయ్యింది. కేంద్రం చూసే పేరయ్య పైనించే అరిచాడు, "ఇంకోసారి నీళ్ళు తేలితే నీ పాలు పట్టుకోం నాంచారమ్మా" అని. ఆమెకి ఆ గేదె ఒక్కటే బతుకు. ఏడ్చిందా? ఏడవలా. "నా పాలు నేనే పైకి తెస్తా, నా కళ్ళముందు చూడు. ఎక్కే దారి పెట్టు" అంది. "ఎత్తుకొని పెడతాంలే" అన్నారంట మగాళ్ళు. "రోజూ రెండుపూటలా మొయ్యటానికి నేనేమన్నా ఉత్సవ విగ్రహాన్నా?" అంది.

సరే, తాపీమేస్త్రి ఏసోబు మెట్ల పక్కన వాలు కట్టాడనుకో. మంచోడే పాపం, అక్క ఎక్కేది కదా అని సిమెంటు రుద్దిరుద్ది అద్దంలాగా నునుపు తేల్చాడు. ఊరంతా చూట్టానికొచ్చింది. బండి సగం ఎక్కిందో లేదో, చక్రాలు జర్రున జారి వెనక్కొచ్చి తిరగబడ్డది. ఆ పూట పాలు మట్టిపాలు. ఏసోబు పరిగెత్తుకొచ్చి, "అక్కా, ఇంత నున్నగా నేనెక్కడా చెయ్యలేదే!" అన్నాడు. ఆమె మోచెయ్యి దులుపుకుంటా, "ఎవరు మొకం చూసుకోటానికిరా? మా గేదె కొట్టంలో నేల ఎట్టా చేశావు?" అంది. "గొడ్డు జారకుండా పచ్చి సిమెంటు మీద తాడు ఒత్తి గీతలు పెట్టా." "మరి గొడ్డు సంగతి అడక్కుండానే తెలిసిందే! నోరున్నదాన్ని, నన్నొక్క మాటన్నా అడిగావా?"

ఏసోబు అప్పుడే పలుగు అందుకున్నాడు. పైపూతంతా చెక్కేసి, ఆమెని పక్కన కూచోబెట్టుకొని, ఆమె చెప్పినంత దూరం వాలు సాగదీసి, కొత్త పూత పూసి తాడు ఒత్తాడు. అది గట్టిపడ్డాక ఒక పొద్దున నాంచారమ్మ తన క్యాను తనే ఒళ్ళో పెట్టుకొని, ఎవరి చెయ్యీ పడకుండా పైకెక్కింది. పేరయ్య పాలు పరీక్ష చేసే మిషను చూశాడు, మళ్ళీ చూశాడు. "చిక్కటి పాలు" అన్నాడు. హమ్మయ్య అని అప్పుడు వదిలిందంట ఊపిరి. సాంబ్రాజ్యం ఆ పూట జలుబని రాలా.

నీళ్ళెవరు పోశారని నన్నడక్కండి. ఇప్పుడా మెట్లు ఎక్కే నాథుడు లేడు, మోకాళ్ళ నొప్పుల ముసలాళ్ళంతా వాలుమీదే. ఇన్నాళ్ళూ మాకూ కష్టంగానే ఉందని ఒక్కళ్ళన్నా నోరిప్పారా? లేవండిక, పొయ్యిమీద ఎసరు మరిగిపోతంది.