హార్లన్ టీగ్ బండి లాగిన బరువు

"నాలుగు గుర్రాల ట్రైలరంటే నా బండికి ఒక లెక్కా? వెనక ఏదో ఉందన్న సంగతి కూడా దానికి తెలియదు," అన్నాడు హార్లన్ టీగ్, కాఫీ కప్పు మోకాలి మీద నిలబెట్టి.

ఆ పొద్దున వెర్నా దాణా కొట్టు అరుగు మీద మేం నలుగురం ఉన్నాం. కొట్టు యజమానురాలు వెర్నా. రోజుకు పది మాటలకు మించి ఖర్చుపెట్టని పశువుల ఆసామి ఓడెల్ బ్రిగ్స్. ఆ పదీ పోగా ఊళ్ళో మిగిలిన మాటలన్నీ వాడేసే హార్లన్. నాలుగోదాన్ని నేను, డార్సీని. గుర్రాలను ఒకచోటి నుంచి ఇంకోచోటికి చేరవేసే పని మొదలుపెట్టి ఐదు వారాలైంది. సాయంత్రంలోగా నాలుగు గుర్రాలను కనుమ దాటించి అవతలి వేటగాళ్ళ శిబిరంలో అప్పజెప్పాలి. నాకొచ్చిన మొదటి పెద్ద పని అదే. వయోమింగ్‌లో మా వైపు ఒకసారి మాట తప్పితే రెండోసారి ఎవరూ పిలవరు. సరిగ్గా ముందురోజే నా బండి గేర్‌బాక్సు పోయింది. గుర్రాలు ఎదురుగా కంచెకు కట్టేసి ఉన్నాయి. పక్కనే నాలుగు గుర్రాల ట్రైలర్, లాగే దిక్కు లేకుండా.

"దిగులు దేనికి, నా బండి ఉందిగా, నేనే తోలతా," అన్నాడు హార్లన్. మంచి మనసుతోనే అన్నాడు. బండి కూడా నీలంగా నిగనిగలాడుతోంది. కానీ అది అర టన్ను తరగతి పికప్పు, చిన్నాచితకా బరువులకే పనికొచ్చేది. ఈ పనికి సరిపోయేది ఓడెల్ డీజిల్ బండి, వెనకే నాలుగు చక్రాలున్నది. అయితే మా ఊళ్ళో ఒక పద్ధతి ఉంది. ఎవరి బండీ ఎవరూ అడగరు, ఇచ్చేవాడే ఇస్తాననాలి. ఒకడు ఇస్తానన్నాక ఇంకొకడు నోరు మెదపకూడదు. మెదిపితే "నీ బండి చాలదురా" అని మొహం మీద అన్నట్టే. ఇక్కడ మనిషి బండిని అనడమూ, వాడి తల్లిని అనడమూ ఒకటే. అందుకని ఓడెల్ కాఫీలోకి చూస్తూ కూర్చున్నాడు. హార్లన్ తనంతట తాను వెనక్కి తగ్గితే తప్ప నా గుర్రాలు ఆ నీలం బండి వెనకే కొండెక్కాలి.

"మొన్న నవంబరు సంగతి చెప్తా విను," అని హార్లన్ కుర్చీ ముందుకు జరుపుకున్నాడు. "మా బావమరిది లైల్ ఫోన్ చేశాడు, బావా, కనుమ అవతల రెండు గుర్రాలు కొన్నాను, తెచ్చిపెట్టు అని. రెండే కదా అని, ఉన్న చొక్కాతో బయల్దేరాను. తీరా వెళ్ళి చూస్తే ఏముందో తెలుసా? ఆరు!"

"ఇందాక రెండన్నావ్," అంది వెర్నా.

"కొన్నవి రెండే. మిగతా నాలుగూ వాటిని వదిలి ఉండలేక వెంటబడ్డాయి. గుర్రాల మనసు నీకేం తెలుసు వెర్నా, నువ్వు దాణా అమ్ముకునేదానివి."

"ట్రైలర్ ఎన్నింటిది?" అని అడిగాను.

"నాలుగింటిది."

"మరి ఆరు ఎట్లా పట్టాయి?"

"ఊపిరి బిగబట్టమన్నాను. చెప్తే వింటాయమ్మా, చెప్పే తీరులో చెప్పాలి. సరే, ఆరు గుర్రాలు, ఆరు జీన్లు, నలభై మోపుల గడ్డి, తొట్టి నిండా నీళ్ళు. లైల్‌గాడికి గుండె జారిపోయింది, బావా బరువెక్కువైంది, గడ్డి దించేద్దాం అన్నాడు. నేనేం చేశానో తెలుసా? దించలేదు! ఆ నలభై మోపులూ గుర్రాలకే పెట్టాను. గంటలో మొత్తం తినేశాయి. గడ్డి బరువు పోయింది, బండి తేలికైంది!"

"గడ్డి వాటి కడుపులోకే కదా పోయింది, మిస్టర్ టీగ్. బరువు ట్రైలర్లోనే ఉంది."

హార్లన్ ఒక గుక్క కాఫీ తాగాడు. "కడుపులోకి పోయాక అది గడ్డి కాదమ్మా, గుర్రం. గుర్రాల బరువు ముందే లెక్కేశాంగా."

ఓడెల్ కప్పు చాటున దగ్గాడు.

మర్యాదగా, అంకెలతో ఆపుదామనుకున్నాను. "మిస్టర్ టీగ్, నా ట్రైలర్ ఖాళీగా ఐదు వేల పౌండ్లు. నాలుగు గుర్రాలు, ఒక్కొక్కటి పదకొండు వందలు, మొత్తం నాలుగు వేల నాలుగు వందలు. జీన్లూ గడ్డీ నీళ్ళూ ఆరు వందలు. అంతా కలిపి పది వేలు."

"చూశావా! టీవీలో వాడు చెప్పింది నా బండి పదకొండు వేలు లాగుతుందని. ఇంకో వెయ్యికి చోటుంది, ఇంకో గుర్రాన్ని ఎక్కించు!"

"ఆ పదకొండు వేలు ఏ సరంజామా లేని ఖాళీ బండికి, ఒక్క డ్రైవరు ఉంటే. అసలు చిక్కు లాగడంలో లేదండి, మోయడంలో ఉంది. ట్రైలర్ మూతి బండి వెనక కూర్చుంటుంది కదా, పది వేలలో వందకు పదమూడు చొప్పున అక్కడే పదమూడు వందల పౌండ్లు పడతాయి. దానికి తోడు మీరు రెండు వందల నలభై, నేను నూట ముప్పై, ఎప్పుడూ మీతో బండెక్కే మీ కుక్క డెబ్భై. మొత్తం పదిహేడు వందల నలభై. మీ బండి తలుపు అంచున అంటించిన చీటీలో పద్నాలుగు వందల ఎనభైకి మించి మోయించొద్దని రాసుంది. రెండు వందల అరవై ఎక్కువ."

"ఆ చీటీ భయస్థుల కోసం అంటిస్తారమ్మా. అయినా కుక్కను ఇంట్లో వదిలేస్తాలే."

"అప్పటికీ నూట తొంభై ఎక్కువే."

"పొద్దున ఫలహారం మానేస్తా! ఇంక కథ చెప్పనిస్తావా లేదా?"

అంకెలు ఆయన్ని ఆపలేవని తేలిపోయింది. గుర్రాల వైపు చూశాను. చివరనున్న ఎర్రది నేను అక్కడున్నానో లేదోనని మాటిమాటికీ తల తిప్పి చూస్తోంది. దిగుడులో ఆ ట్రైలర్ వెనక నుంచి తోస్తే, ముందు బండికి ఆపుకునే బరువు లేకపోతే ఏమవుతుందో నేను ఒకసారి కళ్ళారా చూశాను. బండి వెనక భాగమన్నా ఒకసారి చూసొద్దామని లేచాను.

"ఎక్కడికి పోతున్నావ్, అసలు కథ ఇప్పుడేగా మొదలు!"

"వినపడుతుంది, చెప్పండి," అంటూ మెట్లు దిగాను.

ఆయన గొంతు పెంచాడు. "కనుమ ఎక్కుతున్నాం. వెనక బరువుకి నా బండి ముందు చక్రాలు పైకి లేచాయి! వాకిట్లో కుక్క రెండు కాళ్ళ మీద నిలబడ్డట్టు. ఎదురుగా ఆకాశం తప్ప ఇంకేం లేదు. ఇంకొకడైతే ఏం చేస్తాడు? ఏడుస్తాడు. నేను లైల్‌గాణ్ణి తీసుకెళ్ళి బానెట్ మీద కూర్చోబెట్టాను. వాడు మూడు వందల పౌండ్లు ఉంటాడు, చక్రాలు చక్కగా దిగాయి. దారంతా వాడు బానెట్ మీద పడుకుని అద్దం తుడుస్తూనే ఉన్నాడు."

"నవంబర్లో మంచు కదా, చలికి చావలేదూ?" అంది వెర్నా.

"ఇంజను వేడి కిందనుంచి వస్తుందిగా, దిగనని మొండికేశాడు. ఆ తర్వాత ఏమైందో తెలుసా? పైన మలుపులో మంచు తోసే లారీ కూరుకుపోయి ఉంది, ప్రభుత్వం వాళ్ళది, పదహారు టన్నులు! డ్రైవరు చేతులెత్తి దణ్ణం పెట్టాడు. చూస్తూ వెళ్ళిపోతామా? గొలుసేసి దాన్ని కూడా ట్రైలర్ వెనక తగిలించాను. ఇప్పుడు నా వెనక ఆరు గుర్రాలు, దాని వెనక లారీ. తొక్కాను యాక్సిలరేటరు. బండి కదల్లేదు. ఇంకా తొక్కాను. అప్పుడు కదిలింది. కానీ కదిలింది ఏంటో తెలుసా?"

ఓడెల్ కాఫీ ఊదుకున్నాడు.

"రోడ్డు! వెర్నా, ఆ రోడ్డు! చక్రాల పట్టుకి తారు మొత్తం చాపలాగా ముడతలు పడి వెనక్కి జరిగింది. రెండు మైళ్ళ రోడ్డు! కనుమ శిఖరమే నా దగ్గరికొచ్చింది! నేను ఉన్నచోటే ఉన్నాను, ఊరొచ్చి నా ముందు ఆగింది! అప్పట్నుంచీ ఆ దారి రెండు మైళ్ళు తక్కువ, కావాలంటే వెళ్ళి కొలుచుకోండి!"

నేను అరుగెక్కి నా కుర్చీలో కూర్చున్నాను. చేతికి అంటిన ఎండుమట్టి దులుపుకున్నాను.

"మిస్టర్ టీగ్, ట్రైలర్ కొక్కెం దూర్చాల్సిన చదరపు గొట్టం ఉంది కదా మీ బండి వెనక?"

"ఉంది. ఈ ఊళ్ళోకెల్లా గట్టి గొట్టం."

"అందులో కందిరీగలు గూళ్ళు కట్టుకున్నాయండి. అంచుదాకా మట్టే, వేలు కూడా దూరలేదు. పై వరుస ఈ ఏడాదిది. దాని కింద ఎండి తెల్లబడిన వరుసలు ఇంకో మూడు కనిపిస్తున్నాయి. ఏడాదికి ఒక వరుస చొప్పున నాలుగేళ్ళు. అంటే ఆ గొట్టంలో ఇప్పటిదాకా ఇంకేదీ దూరలేదు. మొన్న నవంబర్లో ఆరు గుర్రాల్నీ, మంచు లారీనీ ఎక్కడ తగిలించారు?"

వెర్నా ముందు నోటికి ఏప్రన్ అడ్డం పెట్టుకుంది, తర్వాత అది కూడా చాలక కొట్టు లోపలికి పరిగెత్తింది. దాణా బస్తాల మధ్య నుంచి ఆమె నవ్వు వినపడుతూనే ఉంది.

హార్లన్ చెవులు ఎర్రబడ్డాయి. బండి వైపు చూశాడు, నా వైపు చూశాడు, కంచె దగ్గర గుర్రాల వైపు చాలాసేపు చూశాడు. నాకు భయమేసింది, రోషానికి పోయి స్క్రూడ్రైవరు తెచ్చి మట్టి గీకేస్తాడేమోనని.

ఆయన టోపీ తీసి మోకాలికి తగిలించాడు. "లోపల పిల్లలున్నాయా?"

"ఉండే ఉంటాయి. పై వరుస మూతలన్నీ మూసే ఉన్నాయి."

"అయితే కుదరదమ్మా," అన్నాడు గంభీరంగా. "నేను ఆరు గుర్రాలు లాగినవాణ్ణి, పదహారు టన్నులు లాగినవాణ్ణి, కాదనను. కానీ పిల్లల తల్లిని ఇల్లు ఖాళీ చేయించినవాణ్ణని మాత్రం ఎవరూ అనకూడదు. వచ్చే వేసవి దాకా నా బండి ఏదీ లాగదు."

ఆ మాట ఆయన నోట్లోంచి పూర్తిగా బయటికి రాకముందే ఓడెల్ తాళాలు నా ఒళ్ళో పడ్డాయి.

"డీజిల్ నిండా ఉంది," అన్నాడు ఓడెల్. కాస్త ఆలోచించి ఇంకో రెండు మాటలు ఖర్చుపెట్టాడు. "కందిరీగలు లేవు."