ఈ ఏటి మొదటి బంతి

సభాసదులారా, బంధుమిత్రులారా,

సంతాపమంటే ఒంటరిగా పడే బాధ కాదు, కలిసి తపించడం. ఆ తాపాన్ని పంచుకోవడానికే పటాన్‌చెరులోని ఈ మందిరంలో సమావేశమయ్యాం. మన రామలింగేశ్వరరావుగారు ఇక లేరు. కర్మాగారంలో ఇంజినీరుగా పనిచేసి, విశ్రాంత జీవితమంతా కాలనీ గోల్ఫు మైదానంలోనే గడిపిన మనిషి. ఆ మైదానం ఆయనకంటే ముందే పోయింది. స్థలం చేతులు మారింది, అక్కడ ఇళ్ళు లేచాయి. అందుకే నా మనసు అయోమయంగా ఉంది. ఈరోజు మనం తపిస్తున్నది మనిషి కోసమా? నేల కోసమా? రెండింటినీ విడదీయడం నాకు చేతకావడం లేదు.

మీకు గుర్తుండే ఉంటుంది. వానలు వెనుదిరిగి, గడ్డి కింద నేల గట్టిపడే వేళ ఆట మొదలయ్యేది. ఆయుధపూజ కానిదే ఎవరూ బంతి ముట్టేవారు కాదు. యంత్రాలకు పూజ చేసే చేత్తోనే గోల్ఫు కర్రలకూ చేయాలని పట్టుబట్టింది రావుగారే. కాలనీ పురోహితుడినని నన్ను పిలిచారు. ఏ మంత్రం చెప్పాలో తెలియక, ధనుస్సుకు చెప్పేదే చెప్పాను. ఆయన భక్తి అంతటితో ఆగిందా? కుంకుమ నూనెలో కలిపి బంతికీ, కర్ర పిడికీ దట్టంగా పట్టించారు. ఊపిన కర్ర చేతిలోంచి జారి వేపకొమ్మల్లో చిక్కుకుంది. బంతి ఉన్నచోటే ఉంది! గడ్డి చూసుకునే నర్సింగ్ చెట్టెక్కి దించుతూ, "సారూ, మొక్కుడు మంచిదే గని, పిడికి గింత జిడ్డు పెడ్తరా?" అన్నాడు. అందరికంటే ఎక్కువ నవ్వింది రావుగారే. మరుసటి ఏటి నుంచి బొట్టు బంతికి మాత్రమే. అందరిలో పెద్దవారు తొలి బంతి కొట్టాలి, ఎంత దూరం పోయినా సరే. ఆ తర్వాతే మిగతావారి ఆట. అదే మన ఆచారమైంది.

మైదానం పోయాక, నిరుటి దసరాకు కర్రా బంతీ పట్టుకుని, నన్ను వెంటబెట్టుకుని అక్కడికే వెళ్ళారు. గేటు దగ్గర కాపలాదారు "ఏంది సార్, ఎవరింటికి పోవాలె?" అన్నాడు. "మూడో గుంతకండీ" అన్నారీయన, ఎంతో మర్యాదగా. "గసుంటి ఇల్లు లేదు సార్. ఫోన్ జేసి మల్లొకసారి అడుగున్రి" అన్నాడతను. ఎవరికి ఫోన్ చేయాలి? నాకు నవ్వొచ్చింది. చివరికి ఆయన వయసు చూసి అతనే గేటు తీశాడు. లోపల, ఒకప్పుడు బంతి పడాల్సిన ఆ మూడో గుంత ఉండే చోట, ఎవరిదో కారు పక్కన ఆగి, "శాస్త్రిగారూ, ఇక్కడ గాలి ఎడమకి తోస్తుందండీ" అన్నారు. కిటికీ అద్దాలకు భయపడి బంతి కొట్టకుండానే తిరిగొచ్చారు.

మొన్న ఆసుపత్రిలో నా చెయ్యి పట్టుకుని, "ఈ ఏడు మొదటి బంతి ఎవరు కొడుతున్నారండీ?" అన్నారు. మైదానం లేదన్న సంగతి మరచిపోయారా? తెలిసే అడిగారా? ఇన్ని శాస్త్రాలు చదివిన నాకు నోరు పెగల్లేదు. నా జవాబు కోసం చూసి చూసి కళ్ళు మూసుకున్నారు. తెల్లవారేసరికి లేరు.

ఈ ఉదయం ఆయన కుమార్తె సత్యశ్రీ, "బాబాయిగారూ, నాన్నగారి కర్రలు దానమివ్వాలా, ఉంచుకోవాలా?" అని అడిగింది. గొడుగు దానం, పాదరక్షల దానం శాస్త్రం చెప్పింది. గోల్ఫు కర్ర సంగతి చెప్పలేదు. తేల్చలేక, తండ్రి అడిగిన ప్రశ్ననే ఆమె ముందుంచాను. ఆమె సంచిలోంచి ఒక కర్ర తీసి, పిడి పట్టి చూసింది. తర్వాత, "నాకు ఆడటం రాదండీ. అయినా నేనే కొడతాను" అంది. పక్కనే ఉన్న నర్సింగ్, "నా చెల్క బీడే ఉన్నది బిడ్డా, రా. బంతి యాడ వడ్డా నేను దేవులాడి తెస్త" అన్నాడు.

ఆచారం ప్రకారం ఆ తొలి దెబ్బ ఇప్పుడు పెద్దవాడినైన నాది. దాన్ని ఈ సభ ఎదుట సత్యశ్రీకి ఇస్తున్నాను. ఇది శాస్త్రసమ్మతమో కాదో నాకింకా తెలియదు. కానీ రావుగారికి నేను చెప్పలేకపోయిన జవాబు ఇదొక్కటే.

పెద్దలారా, దయచేసి అందరూ లేవండి. ఆయనను తలచుకుని, కాసేపు మాటను పక్కన పెడదాం.

మన తర్వాత ఆడబోయే పిల్లలకు కాళ్ళు చాచి నడిచేంత పచ్చని నేల దొరుకుగాక. వారు ఆశగా అడిగినప్పుడు, సకాలంలో జవాబు చెప్పే పెద్దలు వారికి ఉందురుగాక.