వైద్యురాలు నిరీక్షించిన మధ్యాహ్నం: డాక్టర్ వసుధా సబ్నీస్ గారికి అభినందనం

1991 జూలై పదిహేనవ తేదీన, మిరజ్ పట్టణంలోని మా కృష్ణాతీర ధర్మాసుపత్రిలో నరాల జబ్బుల వైద్య నిపుణురాలిగా డాక్టర్ వసుధా సబ్నీస్ గారు బాధ్యతలు స్వీకరించారు. చుట్టుపక్కల తాలూకాలన్నిటికీ ఆ విద్య నేర్చిన వైద్యులు అప్పట్లో వారొక్కరే. తల లోపలి చిత్రం తీయించాలంటే పుణె పోవలసిన ఆ రోజుల్లో, రబ్బరు సుత్తినీ గుండుసూదినీ నమ్ముకుని వారు ఎన్నెన్ని జబ్బుల ఆనవాళ్లు పట్టుకున్నారో మా పాత దస్త్రాలు చెబుతాయి.

తొలి దశాబ్దమంతా మూర్ఛరోగులతోనే గడిచింది. భూతవైద్యం చేసే దేవరుషి దగ్గర తాయెత్తులు కట్టించుకుని, ఆఖరున ఆసుపత్రికి వచ్చిన వారిని సైతం వారు ఒక్క మాట అనలేదు. క్రమేణా రద్దీ పెరిగి రోజుకు తొంభై మంది రాసాగారు. మనిషికి నాలుగు నిమిషాలు దక్కేవి. చేతి వణుకు ఎప్పుడు మొదలైందో చెప్పడానికే పెద్దవాళ్లకు ఆ నాలుగూ సరిపోయేవి కావు.

2016లో మా కార్యాలయ నిర్వాహకులు శ్రీ దిగంబర్ తిల్వే, ఫోన్లోనే ప్రతి రోగికీ ఒక వేళ నిర్ణయించే పద్ధతి ప్రవేశపెట్టారు. అంతకుముందు తొలి బస్సుకు వచ్చి, భడంగ్ మరమరాల పొట్లం విప్పుకుని మధ్యాహ్నం దాకా కూర్చునేవాళ్లు, ఇప్పుడు పది నిమిషాల ముందు వస్తే చాలు. అందరూ సంతోషించారు. వసుధా గారే స్వయంగా దిగంబర్ గారికి శాలువా కప్పారు.

ఆ తరువాతనే వారిని ఒక అయోమయం ఆవరించింది. వణుకుడు జబ్బు ఉన్నవారందరూ వారి గదిలోకి హాయిగా నడిచి వస్తున్నారు. ఇళ్లలో మాత్రం పడిపోతున్నారట! మొదట వసుధా గారు బంధువుల మాటను శంకించారు, పిదప తమ చదువునే శంకించుకున్నారు. ఆరేళ్లు అలాగే గడిచాయి. అటువంటి రోగులలో ఒకరు కుస్తీ గురువు, ఊరందరికీ వస్తాద్ అయిన హిందూరావ్ మానే.

ఒకనాటి ఉదయం ఆఖరి రోగిగా ఆయన వచ్చారు. భార్య ఆక్కాతాయి గోడు వెళ్లబోసుకుంది. "డాక్టర్ బాయీ, ఈ వారంలో నాలుగుసార్లు పడ్డారు. నిన్న స్నానాల గదిలో తల పగలగొట్టుకునేవారే!"

వస్తాద్ లేచి గది ఈ చివరి నుంచి ఆ చివరికి నడిచి చూపించారు. "చూడండి బాయీ, పడేవాడి నడకా ఇది? ఈవిడకు ఊరికే భయం."

"ఇక్కడికొస్తే పెళ్లికొడుకులా నడుస్తారు. ఇంటికొచ్చి చూడండి ఈయన సంగతి!"

మందు పెంచితే, అవసరం లేని ఒంటికి మెలికలు తిరిగే బాధ తప్పదు. పెంచకపోతే ఈసారి తుంటి విరగవచ్చు. వసుధా గారికి ఏం చేయాలో పాలుపోలేదు. "నాకేమీ అర్థం కావడం లేదు వస్తాద్. మాత్ర వేసుకోకుండా కాసేపు ఉండండి. నేనూ మీతోనే ఉంటాను" అని, భోజనం మాని బయటి బల్ల మీద వారి పక్కన కూర్చున్నారు.

గంటసేపు వస్తాద్ కుస్తీ కబుర్లు చెప్పారు. ఆ తరువాత మాట సన్నబడింది, ముఖం బిగుసుకుంది, చేయి ఆడసాగింది. మరో గంటకు లేవబోయి మూడుసార్లు బల్ల మీదే కూలబడ్డారు. ఆక్కాతాయి కొంగుతో ఆయన గడ్డం తుడిచింది.

"మాత్ర ఎప్పుడు వేసుకున్నారు?" అని అడిగారు వసుధా గారు.

"మీరిచ్చిన టైముకి ముప్పావుగంట ముందు. ఒకటి కాదు, రెండు."

"రెండెందుకు?"

"మీ ఎదుట వణుకుతూ కూర్చుంటే ఏం బాగుంటుంది బాయీ? మీ మందు పనిచేయలేదని మీ మొహానే అన్నట్టుండదూ?"

అక్కడే నిలబడి వింటున్న దిగంబర్ గారి మొహం పాలిపోయింది. "అయితే నా టైములే కొంప ముంచాయా మేడం?"

"ఏమో దిగంబర్. ఇదివరకు గంటలకొద్దీ కూర్చునేసరికి మందు దిగిపోయేది, జబ్బు నా కంటబడేది. ఈ ఆరేళ్లూ నేను చూసింది జబ్బునా, వీళ్ల మర్యాదనా?" అంటూ వారు ఆక్కాతాయి చేతులు పట్టుకున్నారు. "నేను మిమ్మల్ని నమ్మలేదమ్మా."

"మీరొక్కరేనా బాయీ? ఈయన ఇక్కడ నడిచేది చూస్తే నన్ను నేనే నమ్మేదాన్ని కాదు."

ఆనాటి నుంచి మాత్ర వేళ కనుక్కున్నాకే మా కార్యాలయం ఆ రోగులకు వేళ ఇస్తోంది. వసుధా గారు వస్తాద్ మందును చిన్న మోతాదులుగా విభజించారు. ఆయన పడటం పూర్తిగా ఆగలేదు, నెలకొకసారికి తగ్గింది. తమ పొరపాటును వసుధా గారు పది ఊళ్ల వైద్యుల సభలో నిస్సంకోచంగా వివరించారు. ఎవరి పేరూ చెప్పలేదు, తమ పేరు తప్ప.

2023 జూన్ ముప్పయ్యవ తేదీన పదవీ విరమణ చేస్తున్న డాక్టర్ వసుధా సబ్నీస్ గారు నిండు ఆరోగ్యంతో నూరేళ్లు వర్ధిల్లాలని మేమందరం మనసారా కోరుకుంటున్నాం. ఇకపై మేము వచ్చి కుశలమడిగినప్పుడు, మా మనసు నొచ్చుకుంటుందని "బాగానే ఉన్నాను" అనకుండా, ఎలా ఉన్నారో అలాగే చెప్పాలని వేడుకుంటున్నాం. వినడానికి ఎంతసేపైనా కూర్చుంటాం.