పాపిడి వీడియో

విగ్గులు కుట్టే కొట్టులో వెనక గది. సూది పట్టుకుని భార్య, ఫోను పట్టుకుని భర్త. ఆమెకి పని సాగడం లేదు, అతనికి సంబరం ఆగడం లేదు.

“ఛీ! ముందు తీసెయ్యండి దాన్ని.”

“తీసెయ్యడానికా పెట్టింది? నలభై వేలమంది చూశారే! పదకొండేళ్లుగా బోర్డు కూడా లేని కొట్టు మనది.”

“బోర్డు ఎందుకు పెట్టలేదో మీకు తెలీదూ? మన దగ్గరికొచ్చేవాళ్లు వెనక గుమ్మంలోంచి వస్తారు. పేరు అడగం. డబ్బా మీద కొట్టు పేరు వెయ్యం.”

“అందుకే ఇలా ఈగలు తోలుకుంటున్నాం. ఎదురు వీధివాణ్ణి చూడు, నెట్లో విగ్గు అని కొడితే చాలు, వాడి మొహమే! మనం? ఎక్కడా లేం. నెట్లో లేనివాడు ఈ రోజుల్లో ఉన్నా లేనట్టే.”

“అందుకని ఆ టీచరమ్మ బోడిగుండు పెడతారా?”

“గుండొక్కటే పెట్టానా? ముందు గుండు, తరవాత మన విగ్గు. జనానికి తేడా తెలియద్దూ?”

“అసలా వీడియో మీ చేతికెలా వచ్చింది?”

“ఎలా అంటే... నీ ఫోనులోదే.”

“పాపిడి తిన్నగా కుదిరిందో లేదో చూసుకోడానికి తీసుకుంటాను నేను! కుట్టు కాగానే చెరిపేస్తాను. ఆవిడకీ అదే చెప్పాను. చెరిపేస్తానమ్మా, నన్ను నమ్ము అన్నాను.”

“మొహం మసక చేశాను కదే!”

“చెవి కింద పుట్టుమచ్చ మసక చేశారా? ఆ గొంతో? ‘అమ్మయ్య, ఇంక బడికెళ్లొచ్చు’ అని ఆవిడ అన్నమాట అలాగే ఉంది. దానికి మళ్లీ పాటొకటి!”

“పాట ఉంటేనే ఎక్కువమంది...”

“కింద ఏం రాశారో చదివారా? గుండు మీద దరువెయ్యొచ్చు అన్నాడొకడు. మీరు వాడికి నవ్వే బొమ్మ పెట్టారు!”

“అందరికీ జవాబిస్తూ ఉండాలే. లేకపోతే పేజీ పడిపోతుంది.”

“ఇందాక ఫోన్ చేసింది.”

“ఎవరు?”

“ఎవరా? టీచరమ్మ. ఏడో తరగతి పిల్లలు ఫోను చూపించి, ‘టీచర్, ఇది మీరే కదా’ అన్నారట. జబ్బు సంగతి కన్నతల్లిక్కూడా చెప్పలేదండీ ఆవిడ! ఇప్పుడా తల్లి అన్నం మానేసి ఏడుస్తోందట. ‘నువ్వు మాటిచ్చావుగా’ అని పెట్టేసింది. నాలుగు తిట్టినా బాగుండేది.”

“అయ్యో... సరే, ఆవిడది తీసేస్తాలే. మిగతా ఆరూ...”

“ఆరా!”

“అంటే... రోజుకొకటి పడేట్టు సిద్ధం చేసి ఉంచా. నువ్వు చెరిపేలోపే ఒక్కొక్కటీ నా ఫోనులోకి పంపుకున్నా.”

“ఎన్నాళ్ల నుంచి?”

“ఆర్నెల్లు ఉంటుందేమో.”

“నా పక్కన కూర్చుని, నాతో కబుర్లు చెబుతూ! మీ చెయ్యి తగిలిన ఫోను ముట్టుకోవాలన్నా రోతగా ఉంది.”

“మరీ రోతా? ఎవరికోసం చేశాను? అయినా ఇందులో సిగ్గుపడాల్సిందేముందే? జబ్బు చేస్తే జుట్టు ఊడుతుంది. దాచుకోడం వాళ్ల చాదస్తం. చూసినవాళ్లకి ధైర్యం చెప్పినట్టూ అవుతుంది.”

“సిగ్గేం లేదంటారు.”

“ఏం లేదు.”

“అయితే ఈ చేత్తో మొట్టమొదటి విగ్గు ఎవరికి కుట్టానో చెప్పండి.”

“... నీకే.”

“నా వీడియో నేను చెరపలేదు. అదీ నా ఫోనులోనే ఉంది. అందరివీ తీసుకున్నారు, నాదెందుకు తీసుకోలేదు?”

“నీదా? మతుండే మాట్లాడుతున్నావా? నలుగురిలో నేను తలెత్తుకు తిరగద్దూ!”