నేను నింపబోయిన ఖాళీ

అధ్యక్షస్థానంలో ఉన్న సూపరింటెండెంటుగారికి, నాకు ఈ విద్య నేర్పి, ఇవాళ మోకాళ్ళ నొప్పులతో రెండంతస్తులు ఎక్కి వచ్చిన మా మాస్టారికి, తోటి వైద్యులకు, సిస్టర్లకు, చివరి వరసలో కూర్చుని అప్పుడే గడియారం చూసుకుంటున్న మా వారికి నమస్కారం. (నవ్వులు)

ఇంతవరకు మాట్లాడినవాళ్ళంతా నన్ను మునగచెట్టు ఎక్కించారు. ఈ వయసులో అంత ఎత్తు మంచిది కాదు కాబట్టి నేనే దిగుతాను. ముప్ఫై ఒక్క ఏళ్ళలో ఎంతోమంది మనసులు బాగుచేశానని సూపరింటెండెంటుగారు అన్నారు. నేను బాగుచేయలేకపోయిన ఒకరి సంగతి చెప్పకుండా ఆ శాలువా కప్పుకుంటే అది నా భుజాల మీద నిలవదు.

పదిహేనేళ్ళ కిందట నా గదికి ఒకావిడ వచ్చారు. బస్టాండులో ఏ బస్సు ఎక్కడ ఆగుతుందో మైకులో చెప్పే ఉద్యోగం ఆవిడది. మనలో సగం మంది ఆ గొంతు విని సంచులు పట్టుకుని పరుగెత్తినవాళ్ళమే కానీ ఆ ముఖం ఎవరికీ తెలీదు. నలభై దాటిన మనిషి, నలగని బట్టలు, కుర్చీ అంచున కూర్చోవడం.

"ఏమిటమ్మా బాధ?" అన్నాను.

"బాధ కూడా లేదండీ, అదే బాధ. లోపల ఎవరూ లేనట్టుంటుంది. ఇంట్లో అందరూ నవ్వితే నవ్వుతాను. మైకు ముందు మాట్లాడతాను. మైకు కట్టేశాక, ఇక నేనంటూ ఎవరూ మిగలరు."

ఇంకాస్త చెప్పనివ్వవలసింది. నేను కాగితం తీశాను. పొద్దున నడక, సాయంత్రం సంగీతం, రోజుకో పేజీ డైరీ, వారానికోసారి పాత స్నేహితురాలికి ఫోను. ఖాళీగా ఉందంటే నింపడమేగా అనుకున్నాను. పాపం, ఆవిడ అన్నీ చేశారు. పదకొండు వారాల పాటు బడిపిల్ల హోంవర్కు తెచ్చినట్టు తెచ్చి చూపించారు.

ఆరో వారంలో కాబోలు, మాటల్లో చిన్ననాటి సంగతి ఒకటి వచ్చింది. తొమ్మిదేళ్ళప్పుడు వాళ్ళమ్మ పోయిందట. మేనత్త పక్కకు పిలిచి, "నువ్వు పెద్దదానివే, నువ్వేడిస్తే చిన్నవాళ్ళు బెంబేలెత్తిపోతారు, కళ్ళు తుడుచుకో" అందట.

"తుడుచుకున్నానండీ" అని ఆవిడ ఆగారు.

నేను "అయ్యో" అని, పేజీ తిప్పి, "ఈ వారం నడక ఎలా సాగింది?" అన్నాను.



క్షమించండి. మంచినీళ్ళు... ఆఁ, థాంక్సమ్మా.

ఆ తర్వాత ఈ హాల్లోనే ఆవిడ పేరు లేకుండా, నయమైన కేసని చెప్పి చప్పట్లు కొట్టించుకున్నాను. మాస్టారూ, మీరొక్కరే కొట్టలేదు. "ఆవిడేమంటోంది?" అని అడిగారు. నేను నడకకూ డైరీకీ వారం వారం వేసిన మార్కుల పట్టిక చూపించాను.

పన్నెండో వారం ఆవిడ, "ఇంక రానండీ" అన్నారు.

"బాగుందన్నమాట!"

"మీకు బాగుంది కదండీ" అన్నారు.

వెటకారం లేదు, నిష్ఠూరం లేదు. అత్త మాట విని కళ్ళు తుడుచుకున్న ఆ పిల్లే నా ఎదుట కూర్చుని, నేను నొచ్చుకోకుండా చూసుకుంటోందని ఆవిడ మెట్లు దిగుతుండగా తట్టింది. వెనక్కి పిలవచ్చు. బయట ఇంకో నలుగురు కూర్చుని ఉన్నారు. పిలవలేదు.

ఏడేళ్ళ తర్వాత కళ్ళజోళ్ళ దుకాణంలో నా వెనక ఆ గొంతు వినిపించింది. పక్కకు తీసుకెళ్ళి, "మీరు చెప్పింది నేను వినలేదమ్మా" అన్నాను.

"ఒకరోజు విన్నారండీ" అన్నారు. "కరెంటు పోయింది చూడండి, రాసుకోవడం కుదరక పెన్ను పక్కన పెట్టేశారు. ఇద్దరం ఊరికే కూర్చున్నాం. ఆ పావుగంటా నేను కూడా ఆ గదిలో ఉన్నట్టనిపించింది."

నాకు ఆ రోజు గుర్తే లేదు.

"మళ్ళీ వస్తారా?" అన్నాను, సిగ్గు విడిచి.

"వేరేచోట ఇంకొకావిడ దగ్గరికి వెళ్తున్నానండీ, రెండేళ్ళయింది. మొన్న మా అమ్మ కోసం మొదటిసారి ఏడ్చాను." వెళ్ళబోతూ, "ఆవిడ పెద్దగా మాట్లాడరు" అన్నారు. (నవ్వులు)

నవ్వండి, నేనూ నవ్వాను. ఇల్లు చేరాక మాత్రం కాదు.

ఆవిడ లోపల ఏమీ లేదని మేమిద్దరమూ అనుకున్నాం. ఉంది. ఎవరికీ ఇబ్బంది కలగకూడదని దాచీ దాచీ, ఆ ఏడుపు ఎక్కడ పెట్టారో ఆవిడకే తెలియకుండా పోయింది. కుర్రడాక్టర్లూ, ఎవరైనా మీతో "లోపల ఖాళీగా ఉంది" అంటే, దయచేసి వెంటనే ఏదీ పొయ్యకండి. ఆ ఖాళీ ఎలా ఉంటుందో అడగండి. తర్వాత నోరు మూసుకోండి. అది చాలా కష్టం, మా ఇంట్లో వాళ్ళు సాక్ష్యం చెబుతారు. (నవ్వులు)

ఇవాళ ఇది చెప్పవచ్చా అని మొన్న ఆవిడకు ఫోను చేశాను. "చెప్పండి, కానీ నయమైందని మాత్రం అనకండి. ఇంకా చూసుకుంటున్నాం" అన్నారు. అందుకని అనడం లేదు.

ఆవిడ ఎదురుపడ్డారు కాబట్టి తెలిసింది. అంతకుముందు ఇరవై మూడేళ్ళలో, నా తృప్తి కోసం బాగున్నామని చెప్పి వెళ్ళినవాళ్ళు ఎంతమందో, వాళ్ళెవరూ నాకు ఎదురుపడలేదు.

ఇంత అభిమానానికి మీ అందరికీ కృతజ్ఞతలు. ఆ గదిలోంచి చెప్పుకోవలసింది చెప్పుకోకుండానే లేచి వెళ్ళినవాళ్ళను, వాళ్ళు ఎక్కడున్నా సరే, క్షమించమని అడుగుతూ, సెలవు.